అవునంటే పైకి చూస్తుంది

మా పాపకి ఐదేళ్ళు నిండాయి. కూర్చోలేదు, నోటితో మాట్లాడదు, కడుపుకి పెట్టిన ట్యూబుతో తింటుంది, ఫిట్స్ మందులు పూట తప్పకూడదు. అయినా తనకేం కావాలో, ఎక్కడ నొప్పో, ఎవరు ఎత్తుకోవాలో తనే చెప్తుంది. అది ఎలా సాధ్యమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మందుల గురించి డాక్టర్లు చెప్తారు, పింఛను గురించి సచివాలయంలో చెప్తారు. మాట రాని పిల్లతో ఎలా మాట్లాడాలో మాత్రం మేం తిరిగిన ఆసుపత్రుల్లో చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

పుట్టగానే ఏడవలేదు. మెదడుకి ఆక్సిజన్ అందలేదన్నారు. నెలలు గడిచినా మెడ నిలబడకపోతే ఎమ్మారై తీసి సెరిబ్రల్ పాల్సీ అని తేల్చారు, అంటే మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండకపోవడం. మాది కావలి దగ్గర పల్లె, మా ఆయన రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. రొట్టెల పండక్కి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె కూడా పట్టుకున్నాం. ఆ నమ్మకానికీ మందులకీ మా ఇంట్లో ఎప్పుడూ పేచీ రాలేదు.

ముందు వచ్చిన కష్టం తిండి. స్పూనుతో పెడితే సగం బయటికి, కొంత గొంతులోకి, కొంత ఊపిరితిత్తుల్లోకి. మాటిమాటికీ నిమ్ము, ఆయాసం, అడ్మిట్ చెయ్యడం. కొన్నాళ్ళు ముక్కులోంచి ట్యూబు వేశారు. తర్వాత చెన్నై డాక్టరు నేరుగా పొట్టకే ట్యూబు పెడదామంటే మా అత్తమ్మ "పసిబిడ్డ కడుపుకి చిల్లు పెడతారా?" అని ఆ రోజంతా మెతుకు ముట్టలేదు. ఇప్పుడు జావ వడకట్టి ట్యూబులో పోసేది ఆమే. పోసేటప్పుడు, పోశాక అరగంట దాకా పాప తల ఎత్తులో ఉండాలి. తర్వాత నీళ్ళు పోసి ట్యూబు కడగాలి, లేదంటే పూడిపోతుంది. ట్యూబు ఊడి వస్తే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి. కొన్ని గంటల్లోనే ఆ రంధ్రం మూసుకుపోవడం మొదలవుతుంది, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఫిట్స్ గురించి కూడా ఒక మాట. ఒకసారి నెల్లూరు బస్సులో పాపకి ఫిట్స్ వస్తే నాలుగు వైపుల నుంచీ తాళం చెవులు వచ్చాయి. "చేతిలో ఇనుము పెట్టమ్మా" అని ఒకరు, "నోట్లో గుడ్డ పెట్టు" అని ఒకరు. వాళ్ళకి పాప మీద జాలే, కానీ నోట్లో ఏమీ పెట్టకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే మా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. బరువుని బట్టి ఎన్నిసార్లు కొట్టాలో డాక్టరు రాసిచ్చిన చీటీ దానికే అంటించి పెట్టాను.

ఇక మాట సంగతి. చెన్నై దాటాక ఈసీఆర్ రోడ్డు మీద ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వం 2005లో పెట్టిన సంస్థ ఉంది, ఒకటికి మించి వైకల్యాలున్న వాళ్ళ కోసం. పినాకిని రైలెక్కి అక్కడికి పోయాం. స్పీచ్ థెరపీ మేడమ్ పాపని ముట్టుకోకముందే నన్ను అడిగింది: "ఇది వద్దు అని పాప మీకు ఎలా చెప్తుంది?" నేను ఆలోచించకుండానే చెప్పాను, మొహం తిప్పేసుకుంటుందని. "మరి కావాలంటే?" కాసేపు పట్టింది. ఉయ్యాల ఊపనా అంటే కళ్ళు పైకి ఎత్తుతుంది. "అయితే అదే ఆమె అవును. ఇవాళ్టి నుంచి ఇంట్లో అందరూ దానికి జవాబివ్వాలి" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

అక్కణ్ణించి మొదలుపెట్టాం. పాప కళ్ళు బాగానే ఉన్నా, చూసినదాన్ని మెదడు పట్టుకోవడం ఆలస్యమవుతుంది. అందుకని వెనక నల్లగుడ్డ కట్టి, ఎర్రటివో పసుపువో రెండే వస్తువులు దూరదూరంగా చూపించమన్నారు. అడిగాక నోరు మూసుకుని ఆగాలి. ఆ ఆగడమే మా ఇంట్లో అందరికీ కష్టమైంది. రెండు సెకన్లు చూసి "దానికేం తెలుస్తుందిలే" అనేవాళ్ళు. మనసులో పది లెక్కపెట్టుకుంటే అప్పుడు కదిలేవి ఆ కళ్ళు. ఇంకోటి, ఏది ఎరుపు, ఏది కుక్క అని పరీక్షలు పెట్టొద్దన్నారు. నాయనమ్మ కావాలా, బయటికి పోదామా, ఇక చాలా? ఇలాంటివే అడగాలి. ఇలా కళ్ళతో చెప్పడం అలవాటైతే మాటలు రావేమోనని మా ఆయనకి భయం. అలా జరగదని, మాట వచ్చే పిల్లలకి ఇది ఇంకా సాయం చేస్తుందని మేడమ్ ఓపిగ్గా చెప్పింది.

తర్వాత కావలిలో అద్దాల షాపులో దళసరి ప్లాస్టిక్ షీటు కోయించి, మధ్యలో కిటికీలాగా తీయించాం. నాలుగు మూలలా మా ఇంటి ఫొటోలే. నేను ఇవతల కూర్చుని ఆ కిటికీలోంచి పాప కళ్ళు ఎటు పోతున్నాయో చూస్తాను. కరెంటు, చార్జింగు ఏమీ అక్కర్లేదు. ముంబై ఐఐటీలో తయారైన జెల్లో అనే ఉచిత యాప్ కూడా ఉంది, బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది. చేత్తో నొక్కగలిగే పిల్లలకి చూడండి, మా పాపకి చెయ్యి ఆడదు.

ఇది ఎంత అవసరమో పోయిన వేసవిలో తెలిసింది. రాత్రుళ్ళు ఒకటే ఏడుపు. చూపించిన చోట గ్యాస్ అని చుక్కలు రాశారు, తర్వాత ఫిట్స్ మందు పెంచారు. తగ్గలేదు. ఒక రాత్రి దీపం వెలుగులో అడిగాను. చెవా? కడుపా? కాలా? కాలు అన్నప్పుడు కళ్ళు పైకి లేచాయి. వరస మార్చి మళ్ళీ అడిగాను. మళ్ళీ కాలే. పొద్దున్నే పోయి ఎక్స్‌రే తీయమని గట్టిగా పట్టుబట్టాను. ఎడమ తుంటి ఎముక గూట్లోంచి జారుతోంది. మా పాప లాంటి పిల్లల్లో ఇది మామూలేనట, నొప్పి లేకపోయినా ఏడాదికోసారైనా తుంటి ఎక్స్‌రే తీయించాలట. నొప్పికి మందు మారింది, ఆపరేషన్ గురించి మాట్లాడుతున్నారు.

కాగితాల పని చెప్పేస్తాను. సచివాలయంలో సదరం (వైకల్య సర్టిఫికెట్) స్లాట్ తీసుకుని బోర్డు దగ్గరికి పోతే శాతం వేస్తారు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛనుకి అర్హత, ఇప్పుడు నెలకి 6,000 రూపాయలు. యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు కూడా తీసుకోండి, రైల్లో రాయితీ దగ్గర్నించి అన్నిటికీ అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో పెట్టుకోవచ్చు. ఈ సంగతి మాకు ఇంకో తల్లి చెప్పింది, ఏ ఆఫీసులోనూ కాదు.

పోయే ప్రతిచోటికీ ఒక అట్ట తీసుకుపోతాను. "నేను అన్నీ వింటాను. అవునంటే పైకి చూస్తాను. అడిగాక పది లెక్కపెట్టండి. నన్ను ఎత్తేముందు చెప్పండి." సదరం బోర్డులో ఒక డాక్టరు అది చదివి, నన్ను వదిలేసి పాపనే అడిగాడు, కాలు చూడనా తల్లీ అని. పాప చాలాసేపు ఆగి, మొహం తిప్పేసుకుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, కొంచెం ఆగి మళ్ళీ అడిగాడు.

వచ్చే జూన్‌కి బడి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలకి ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువు చెప్పాలి. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచరు మా ఊరి హెడ్మాస్టరుతో మాట్లాడింది. ర్యాంపు ఉంది, ట్యూబులో జావ పొయ్యడానికి మధ్యాహ్నం మా అత్తమ్మ పోతానంటోంది. షీటు మీద బడికి ఏ ఫొటోలు పెట్టాలో ఇప్పుడు పాపనే అడుగుతున్నాం. ఇప్పటికి బడిగంట ఫొటోకి అవునంది, హెడ్మాస్టరు ఫొటోకి వద్దంది.