9982 మిల్లీ ఆంపియర్లు

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే ఆరు లిథియం సెల్లు బయటపడ్డాయి. ఏది బతికుందో, ఏది పోయిందో తేల్చుకోవడానికి ఒక టెస్టర్ కట్టాను. సెల్లుకి 4 ఓమ్‌ల సిరామిక్ రెసిస్టర్ తగిలించి, వోల్టేజీ 3కి దిగేదాకా ఎంత కరెంటు ఇచ్చిందో ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు చేత లెక్క కట్టించడం, అంతే. ఆ లెక్క చూడ్డానికి గంటల తరబడి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చోలేను. అందుకని డబ్బాలో ఎప్పటినుంచో పడున్న సీరియల్ డిస్‌ప్లే తీశాను. రెండు వరసలు, వరసకి 16 అక్షరాలు.

మామూలు డిస్‌ప్లే అయితే ఎంత పొదుపుగా కలిపినా బోర్డు మీద ఆరు పిన్నులు తినేస్తుంది. దీనికి మూడే వైర్లు: 5 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్. వెనకాల అతికించిన చిన్న బోర్డు 9600 బాడ్‌లో, అంటే సెకనుకి 9600 బిట్ల వేగంతో, వచ్చే అక్షరాలను అందుకుని తెర మీద పెడుతుంది. కర్సర్‌ని జరపాలంటే ముందు 254 పంపాలి, తర్వాత చోటు సంఖ్య. పై వరస 128తో మొదలవుతుంది. మరి కింది వరస 144 కావాలి కదా? కాదు, 192. తెరని నడిపే హెచ్‌డి44780 రకం చిప్పు తన మెమరీలో వరసకి 40 అక్షరాల చోటు ఉంచుకుని, రెండో వరసని 64 దగ్గర మొదలుపెడుతుంది; 128కి ఆ 64 కలిపితే 192. మనకి కనిపించే 16 అందులో ఒక కిటికీ మాత్రమే. ఇది తెలియక 144కి పంపిన అక్షరాలు ఏమైపోయాయా అని మొదట్లో ఒక సాయంత్రమంతా వెతికాను. అవి ఎక్కడికీ పోలేదు, పై వరసలోనే తెర అంచు దాటి కూర్చున్నాయి.

మొదటి సెల్లు పెట్టాను. 4.05 వోల్టులు, 1012 మిల్లీ ఆంపియర్లు. బాగుంది. టీ కలుపుకుని వచ్చి చూస్తే వోల్టేజీ 3.99, కరెంటు 9982! దాదాపు పది ఆంపియర్లు. లిథియం సెల్లు కదా, గుండె గుభేలుమంది. వెనకా ముందూ చూడకుండా సెల్లు పీకేశాను. రెసిస్టర్ ఎప్పటిలాగే వేడిగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. 3.99ని 4తో భాగిస్తే దాదాపు ఒక ఆంపియర్, అంటే 998 మిల్లీ ఆంపియర్లే కదా అని తట్టడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. 1012 ఉన్న చోట 998 రాశాను, నాలుగో గడిలోని పాత 2 అలాగే మిగిలిపోయింది. ఈ తెర తనంతట తాను ఏదీ చెరపదు, మీద రాస్తేనే పోతుంది.

మరి రాసే ముందు ప్రతిసారీ తెరంతా తుడిచేస్తే? చేసి చూశాను, ట్యూబ్‌లైటు పాడైనట్టు మినుకుమినుకుమంది. తుడవమనే కమాండ్‌కి చిప్పు ఒకటిన్నర మిల్లీసెకను తీసుకుంటుంది, మామూలు అక్షరానికి 40 మైక్రోసెకన్లు కూడా పట్టదు. పైగా 9600 బాడ్‌లో తెర మొత్తం మళ్ళీ నింపడానికి 33 మిల్లీసెకన్లు. చివరికి చేసింది చాలా చిన్న పని: అంకె వెయ్యి లోపు ఉంటే ముందు ఒక ఖాళీ పంపడం.

రెండో తంటా పూర్తిగా నా స్వయంకృతం. సిగ్నల్ వైరుని నా ఆర్డ్యునో (ఊనో రకం) బోర్డు ఒకటో పిన్నుకి పెట్టాను. ప్రోగ్రాం ఎక్కించాక సరిచూసుకోవడానికి బోర్డు దాన్నంతా అదే పిన్ను మీదుగా కంప్యూటర్‌కి తిరిగి అప్పజెబుతుంది, అదీ 115200 బాడ్‌లో. డిస్‌ప్లేకి అదంతా గోల. ఆ గోలలో ఎక్కడో 124 అనే సంఖ్యలా ఏదో వినబడి ఉండాలి. నా మాడ్యూల్‌లో అది సెట్టింగులు మార్చే కమాండ్, మార్చినవి కరెంటు తీసేసినా పోవు. బాడ్ మారిపోయి, ఆ తర్వాత ఏం పంపినా పిచ్చి గీతలే. దాన్ని దారికి తేవడానికి ఒకటే సందు: పవర్ ఇచ్చిన మొదటి అర సెకను లోపల 9600లో 18 అనే బైటు పంపాలి. చేత్తో ఆ సమయం పట్టుకోవడం నా వల్ల కాలేదు. 18ని ఆగకుండా పంపే నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి, డిస్‌ప్లే పవర్ వైరు పీకి పెట్టాను. తెలివిలోకొచ్చింది. ఇప్పుడు సిగ్నల్ వేరే పిన్ను మీద, సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో, అంటే మామూలు పిన్ను మీదుగా సీరియల్ సిగ్నల్ పంపే కోడ్‌తో, నడుస్తోంది.

అన్నీ కుదిరాక సరదా పుట్టి తెలుగు అక్షరాలు పెడదామనుకున్నాను. సొంత బొమ్మలు ఎనిమిదే దాచుకోవచ్చు, ఒక్కోటి అడ్డంగా 5 చుక్కలు, నిలువుగా 8. ఒత్తులూ గుణింతాలూ అందులో పట్టవని ముందే వదిలేశాను. వోల్టుకి ‘వ’, మిల్లీ ఆంపియర్‌కి ‘మ’, రెండక్షరాలు చాలు కదా అని గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టుకుని ఎక్కించాను. ‘మ’ పక్కనుండే కొమ్ముకి చుక్కలు మిగల్లేదు. పై వరస చివరా, కింది వరస చివరా ఒకే అక్షరం. ఆ రాత్రే మళ్ళీ ఇంగ్లీషు ‘వి’కీ ‘ఎంఏ’కీ వచ్చేశాను.

ఆరు సెల్లలో నాలుగు బతికే ఉన్నాయి.