డాక్టర్ హూ వార్షికోత్సవాలు: ముందు హాజరు, తర్వాతే కథ

బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ వార్షికోత్సవ ఎపిసోడ్ పడిన రాత్రి అభిమానులు ముందుగా మాట్లాడేది కథ గురించి కాదు. ముందు హాజరు వేస్తారు. కాలంలో తిరిగే హీరో డాక్టర్ చావు దగ్గర పడ్డప్పుడల్లా కొత్త రూపంలోకి మారతాడు, కాబట్టి ఆ పాత్ర చేసిన నటులు చాలామంది. పాత డాక్టర్లలో ఎవరొచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, వచ్చినవాళ్ళకి ఎన్ని డైలాగులు దక్కాయి అన్నది తేలాకే మిగతా సంగతులు. మొదటి రాత్రి టాక్ చూసి ఎపిసోడ్ ఎలా ఉందో తేల్చేసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ టాక్‌లో సగం సమీక్ష, సగం హాజరు పట్టీ.

ఈ అలవాటు పదో సీజన్‌తోనే పడింది. సీరియల్ మొదలైంది 1963 నవంబర్ 23, శనివారం. పదేళ్ళు నిండేది 1973 నవంబర్‌లో. కానీ ‘ది త్రీ డాక్టర్స్’ 1972 డిసెంబర్ 30నే మొదలైపోయింది, నాలుగు భాగాలు. పుట్టినరోజు కంటే దాదాపు పదకొండు నెలల ముందు. తేదీల మీద పేచీ కూడా అప్పటి నుంచే ఉందన్నమాట. ముగ్గురు డాక్టర్లూ కలిసి తిరిగే కథ అనుకుని కూర్చున్నవాళ్ళకి మూడో డాక్టర్ జాన్ పెర్ట్‌వీ, రెండో డాక్టర్ పాట్రిక్ ట్రౌటన్ మాత్రమే పక్కపక్కన కనిపిస్తారు. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం అప్పటికే బాగా దెబ్బతింది, డైలాగులు గుర్తుండే పరిస్థితి లేదు. అందుకని ఆయన పాత్ర కాలప్రవాహంలో ఎక్కడో ఇరుక్కుపోయిందని కథ మార్చారు. ఆయన్ని ఒకచోట కూర్చోబెట్టి, అట్టల మీద రాసిన డైలాగులు చదివిస్తూ విడిగా చిత్రీకరించి, మిగతా ఇద్దరూ చూసే తెర మీద ఆ ముక్కలు వేశారు. ఇది తెలిసి మళ్ళీ చూస్తే ఆ మొదటి డాక్టర్ ఎందుకు కదలడో, ఎందుకు రెండు మాటలు అని మాయమవుతాడో అర్థమవుతుంది. అదే ఆయన ఆఖరి నటన.

1983కి ఈ హాజరు సమస్య ముదిరింది. ‘ది ఫైవ్ డాక్టర్స్’ అని పేరు పెట్టారు, ఐదుగురు దొరకలేదు. హార్ట్‌నెల్ 1975లో పోయారు. ఆయన పాత్రలో రిచర్డ్ హర్న్‌డాల్ నటించారు. హార్ట్‌నెల్ గౌరవార్థం 1964 నాటి ‘ది డాలెక్ ఇన్వేజన్ ఆఫ్ ఎర్త్’ లోని చిన్న ముక్క మొదట్లోనే పెట్టారు. నాలుగో డాక్టర్ టామ్ బేకర్ రానన్నారు. ఏడు సీజన్లు చేసి 1981లోనే దిగిపోయిన మనిషి ఆయన.

ఆ ఖాళీ పూడ్చిన తీరు చూడాల్సిందే. 1979లో ‘షాడా’ అనే ఆరు భాగాల కథ మొదలుపెట్టి, కేంబ్రిడ్జ్‌లో అవుట్‌డోర్ పూర్తి చేశాక, స్టూడియో పని సమ్మెలో చిక్కుకుని ఆగిపోయింది. ప్రసారం కాలేదు కాబట్టి ఆ ఫుటేజ్ ఎవరూ చూడలేదు. అందులో డాక్టర్, అతని తోడు రొమానా పడవలో పోతూ మాట్లాడుకునే ముక్క తీసి ఇక్కడ అతికించి, వాళ్ళని ఎత్తుకుపోతుండగా మధ్యలో ఇరుక్కున్నారని చెప్పేశారు. హార్ట్‌నెల్‌కి వాడిన సాకే మళ్ళీ! ఇక ప్రచారపు ఫొటోలకైతే మేడమ్ టుస్సాడ్స్ నుంచి టామ్ బేకర్ మైనపు బొమ్మ తెచ్చి మిగతావాళ్ళ పక్కన నిలబెట్టారు. హాజరు పట్టీలో ఇంతకంటే పచ్చి ప్రాక్సీ ఉండదు.

రచయిత టెరెన్స్ డిక్స్ పనితనం మాత్రం మెచ్చుకోవాలి. తొంభై నిమిషాలు, ఇంతమంది డాక్టర్లు, వాళ్ళ వెంట తోడు పాత్రలు, శత్రువులుగా డాలెక్, సైబర్‌మెన్, మాస్టర్. అందరినీ ఒకే గదిలో నిలబెడితే మనిషికి రెండు డైలాగులు కూడా రావు. ఆయన గోపురం ఒకటే పెట్టి దారులు మూడు చేశారు. మూడో డాక్టర్ పైనుంచి తీగ పట్టుకుని జారి వస్తాడు, రెండో డాక్టర్ భూగర్భపు గుహల్లోంచి, మొదటి డాక్టర్ నేరుగా ముందు తలుపులోంచి. ఐదో డాక్టర్ తన సొంత గ్రహం గల్లిఫ్రేలో కుట్ర తవ్వుతుంటాడు. నలుగురూ కలిసేది చివర్లోనే. ఎవరి దారి వాళ్ళది కాబట్టి ఎవరి అభిమానికీ తక్కువ చేసినట్టుండదు. లోపం కూడా అక్కడే ఉంది. మల్టీస్టారర్ అని వస్తే హీరోలంతా కలిసి ఉండే సీను కొంచెమే. పైగా మొదటి డాక్టర్ ‘పై’ విలువ వాడి చదరంగపు గళ్ళ నేల దాటే సీనుంది. ఆ సంఖ్యకీ గళ్ళకీ లంకె ఏమిటో ఎపిసోడ్ చెప్పదు, అభిమానులు తవ్వడం మానరు.

అప్పట్లో బ్రిటన్ అభిమానులకి ఇంకో మంట. అమెరికాలో కొన్ని స్టేషన్లు అసలు తేదీ నవంబర్ 23నే వేసేశాయి. బీబీసీ మాత్రం ‘చిల్డ్రన్ ఇన్ నీడ్’ విరాళాల కార్యక్రమం కోసం 25 దాకా ఆపింది. సొంత సీరియల్ సొంత దేశంలో రెండు రోజులు ఆలస్యం. ఇక చూసేవాళ్ళకి ఓ మాట: 1995లో గ్రాఫిక్స్ మార్చి, ఎడిటింగ్ మార్చి స్పెషల్ ఎడిషన్ ఒకటి తెచ్చారు. ముందు 1983 నాటిదే చూడండి, దాని వేగం అందులోనే ఉంది.

1988 సంగతి క్లుప్తంగా. ఇరవై ఐదేళ్ళ పండగ ఎపిసోడ్‌గా ‘సిల్వర్ నెమెసిస్’ మొదటి భాగాన్ని సరిగ్గా నవంబర్ 23న, బుధవారం వేశారు. అభిమానులు మాత్రం అంతకు ముందు నెల వచ్చిన ‘రిమెంబ్రెన్స్ ఆఫ్ ది డాలెక్స్’నే అసలు వార్షికోత్సవ కథగా లెక్కేస్తారు. సీరియల్ మొదలైన కోల్ హిల్ స్కూలు, టాటర్స్ లేన్ పాత సామాన్ల యార్డు, 1963, అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు కథల ముగింపూ ఒకటే కావడం మరీ ఇబ్బంది. శత్రువుకి డాక్టర్ జాతివాళ్ళైన టైమ్ లార్డ్‌ల ఆయుధం ఒకటి ఎర వేసి, దాంతోనే వాళ్ళని తుడిచిపెట్టడం. నెల తేడాలో అదే పేకముక్క రెండుసార్లు వేస్తే ఎవరైనా పసిగడతారు.

1993కి సీరియలే లేదు, 1989లోనే ఆగిపోయింది. ఆ ఏడాది తలపెట్టిన పెద్ద స్పెషల్ ‘ది డార్క్ డైమెన్షన్’ మధ్యలోనే రద్దయింది. మిగిలింది ‘డైమెన్షన్స్ ఇన్ టైమ్’. నవంబర్ 26, 27 తేదీల్లో రెండు చిన్న ముక్కలు, ‘ఈస్ట్ఎండర్స్’ సీరియల్‌తో కలిపి, విరాళాల కార్యక్రమం కోసం. పాత్రలు ఎందుకలా నడుస్తూనే ఉంటాయి, కెమెరా ఎందుకలా తిరుగుతూనే ఉంటుంది అని తిట్టుకునేవాళ్ళు దాని వెనకున్న త్రీడీ పద్ధతి తెలుసుకుంటే కొంత కోపం తగ్గుతుంది.

దాన్ని పుల్‌ఫ్రిచ్ ప్రభావం అంటారు. ఒక కంటికి నల్ల అద్దం పెడితే ఆ కంటి నుంచి మెదడుకి బొమ్మ ఒక్క క్షణంలో చిన్న వంతు ఆలస్యంగా అందుతుంది. అడ్డంగా కదిలే వస్తువైతే ఆ ఆలస్యంలో కాస్త జరుగుతుంది కాబట్టి రెండు కళ్ళకీ రెండు చోట్ల కనిపిస్తుంది. మెదడు ఆ తేడాని లోతు అనుకుంటుంది. అద్దాలు లేనివాళ్ళకి బొమ్మ మామూలుగానే ఉంటుంది, ఎరుపు-నీలం త్రీడీలోలా అలుక్కుపోదు. టీవీకి ఇది ఎంచుకోవడానికి కారణం అదే.

ఇంట్లో చూడాలంటే పాత నల్ల కళ్ళజోడులో ఎడమ అద్దం తీసేసి కుడిది ఉంచండి. రెండు కళ్ళూ తెరిచే ఉంచాలి, తల నిటారుగా ఉండాలి. కుడి కంటికి నలుపు ఉన్నప్పుడు కుడివైపుకి పోయేవి దగ్గరగా, ఎడమవైపుకి పోయేవి దూరంగా అనిపిస్తాయి. వెనకున్న గోడ మనిషి కంటే ముందుకొచ్చినట్టు తేడాగా ఉంటే అద్దం కన్ను మార్చండి. వీడియో ఆపితే లోతు పోతుంది. పైకీ కిందికీ కదిలేవాటికి ఏమీ ఉండదు. కదలిక ఆగితే త్రీడీ ఆగుతుంది, అందుకే అందులో ఎవరూ నిలబడి నాలుగు మాటలు మాట్లాడే వీల్లేదు. సాంకేతికత కోసం సీన్లు రాశారు, సీన్ల కోసం సాంకేతికత కాదు. అందుకే హాజరు దాదాపు నిండుగా ఉన్నా అభిమానులు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక 2013. ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ నవంబర్ 23, శనివారమే పడింది, 94 దేశాల్లో ఒకేసారి, థియేటర్లలో త్రీడీలో కూడా. స్పాయిలర్ల గోల ఆ ఒక్క నిర్ణయంతో దాదాపు తీరింది. నా లెక్కలో వార్షికోత్సవాల్లో ఇదే మేలు, కారణం కూడా హాజరే. తొమ్మిదో డాక్టర్ క్రిస్టఫర్ ఎక్లెస్టన్ రానన్నారు కాబట్టి ఆ స్థానంలో జాన్ హర్ట్‌తో ఎవరూ ఎరగని వార్ డాక్టర్‌ని పుట్టించారు. హర్ట్, డేవిడ్ టెనెంట్, మాట్ స్మిత్, ఈ ముగ్గురినే పెట్టుకుని, వాళ్ళని తొందరగా కలిపి, టవర్ ఆఫ్ లండన్‌లో ఒకే గదిలో బంధించి మాట్లాడనిచ్చారు. ఖైదు గది తలుపు తెరవడానికి ముగ్గురూ శతాబ్దాల లెక్కలు కడుతుంటే, ఆ తలుపుకి తాళమే వెయ్యలేదని తోడు పాత్ర క్లారా వచ్చి తోసే సీను చాలు. మిగతా డాక్టర్లు పాత ఫుటేజ్‌లో క్షణాల్లో వచ్చిపోతారు, తర్వాతి డాక్టర్ పీటర్ కపాల్డీ కళ్ళు మాత్రమే కనిపిస్తాయి, టామ్ బేకర్ స్వయంగా వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్తారు. మైనపు బొమ్మ బాకీ ముప్ఫై ఏళ్ళకి తీరింది.

వార్ డాక్టర్ వల్ల అంకెల పేచీ మొదలైంది. 1976 నాటి ‘ది డెడ్లీ అసాసిన్’ ప్రకారం టైమ్ లార్డ్‌కి పన్నెండు మార్పులు, అంటే పదమూడు రూపాలు. హర్ట్ ఒకరు చేరారు, 2008లో టెనెంట్ తన రూపంలోకే మారిన మార్పు ఒకటి కలిసింది. అంటే పదకొండో డాక్టర్ అని పిలిచే మాట్ స్మిత్ దగ్గరికే కోటా అయిపోయింది. ఆ ముడి విప్పింది అదే ఏడాది క్రిస్మస్ ఎపిసోడ్ ‘ది టైమ్ ఆఫ్ ది డాక్టర్’. కొత్తగా చూసేవాళ్ళు అందుకే ఈ వరస తప్పకూడదు: ‘ది నేమ్ ఆఫ్ ది డాక్టర్’, ఎనిమిదో డాక్టర్ పాల్ మెక్‌గాన్ ఉన్న చిన్న ‘ది నైట్ ఆఫ్ ది డాక్టర్’, ఆ తర్వాత ‘డే’, చివర ‘టైమ్’. ‘నైట్’ వదిలేస్తే హర్ట్ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలీదు.

రేటింగుల మీద తగవుల్లో జరిగే తప్పు ఒక్కటే, రెండు వేర్వేరు అంకెల్ని పోల్చడం. ఓవర్‌నైట్ అంటే ఆ రోజే చూసినవాళ్ళు. వారం అంకెలో రికార్డు చేసుకుని తర్వాత చూసినవాళ్ళు కలుస్తారు. 2013లో ఓవర్‌నైట్ సుమారు కోటీ 2 లక్షలు, వారానికి కోటీ 28 లక్షలు. కొత్త ఎపిసోడ్ ఓవర్‌నైట్‌ని పాతదాని వారం అంకె పక్కన పెట్టి ‘పడిపోయింది’ అనడం ప్రతిసారీ చూస్తాం. 1979 నాటి ‘సిటీ ఆఫ్ డెత్’కి కోటీ అరవై లక్షలు వచ్చాయని ఇంకొకరు అందుకుంటారు. అప్పుడు పోటీ ఛానల్ ఐటీవీ సమ్మెతో మూతపడి ఉందన్నది మాత్రం చెప్పరు.

2023లో మూడు స్పెషల్స్ వచ్చాయి: నవంబర్ 25, డిసెంబర్ 2, 9. టెనెంట్, డోనాగా కేథరిన్ టేట్ జంట. చూసేముందు 2008 నాటి ‘జర్నీస్ ఎండ్’ ఒక్కటైనా చూసి ఉండాలి, డోనా డాక్టర్‌ని గుర్తుపడితే ఏమవుతుందో అందులోనే ఉంది. రెండోదైన ‘వైల్డ్ బ్లూ యాండర్’ గురించి ముందుగా దాదాపు ఏమీ చూపించలేదు. అంత దాస్తున్నారంటే పాత డాక్టర్లు గుంపుగా దిగుతున్నారని అభిమానులు తీర్మానించేసుకున్నారు. తీరా చూస్తే ఖాళీ ఓడ, ఇద్దరు మనుషులు, వాళ్ళ వికృత నకళ్ళు. చివర్లో డోనా తాత విల్ఫ్‌గా బెర్నార్డ్ క్రిబిన్స్, అప్పటికే ఆయన లేరు. మొదటి రాత్రి డివైడ్ టాక్ వచ్చింది. హాజరు ఆశ చల్లారాక మళ్ళీ చూసినవాళ్ళు మూడింటిలో అదే గట్టిదన్నారు. నా మాటా అదే.

మూడోదైన ‘ది గిగుల్’లో డాక్టర్ మారే బదులు రెండుగా చీలాడు. టెనెంట్ ఉండగానే పక్కన కొత్త డాక్టర్‌గా షూటి గాట్వా. పాతవాడు వెళ్ళిపోయే బాధ లేకపోతే మార్పుకి విలువేముందని ఒక వర్గం, అలసిన డాక్టర్‌కి ఓ ఇల్లు దొరికిందని మరో వర్గం. హాజరు పట్టీకి మాత్రం పెద్ద చిక్కే. ఇంతకాలం పోయినవాళ్ళని ఎలా తేవాలన్నది ప్రశ్న, ఇప్పుడు పోనివాడిని ఎందుకు పిలవలేదన్న ప్రశ్న కూడా తోడైంది.

అన్నట్టు, డెబ్బయ్యో ఏడు 2033 నవంబర్ 23 బుధవారం పడుతోంది. తేదీనాడే వేస్తారా, శనివారం దాకా ఆపుతారా అన్న తగవు ముందే ఖాయం.