‘ఈ చీర వెనక్కి తీసుకోండి’ అంటే ఏం చేస్తారు?

చెన్నై టీ నగర్‌లో, ఉస్మాన్ రోడ్డు, రంగనాథన్ వీధి చుట్టుపక్కల ఉన్న బట్టల షోరూముల్లో పని కోసం నగరి, పుత్తూరు, సూళ్లూరుపేటల నుంచి మనవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. నేనూ నెల్లూరు వైపు నుంచి అలా వచ్చినవాడినే. ఇప్పుడు ఒక షోరూములో పట్టుచీరల అంతస్తు చూసుకుంటూ, కొత్తవారిని పనిలోకి తీసుకునే ఇంటర్వ్యూల్లో మేనేజరు పక్కన కూర్చుంటున్నాను. కోపంగా వచ్చిన కస్టమర్‌తో ఎలా మాట్లాడతారని అడిగితే దాదాపు అందరూ ‘కస్టమరే దేవుడు సార్, సారీ చెప్పి సర్దిచెబుతాను’ అంటారు. ఆ జవాబులో తప్పేమీ లేదు గాని, దానివల్ల ఆ మనిషి గురించి మాకు తెలిసేదీ ఏమీ లేదు.

అందుకే మా మేనేజరు బల్ల మీద ఒక చీర పరిచి, తానే కస్టమరై గొంతు పెంచుతారు: నిన్న కొన్న చీర, జరీ పోగులు లేచిపోయాయి, డబ్బు వెనక్కి ఇవ్వండి. కొందరు ‘మా షాపులో అలా జరగదు’ అని వాదనకు దిగుతారు. కొందరు ‘తప్పకుండా ఇచ్చేస్తాం’ అని మాట ఇచ్చేస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే డబ్బు తిరిగి ఇచ్చే అధికారం సేల్స్‌మ్యాన్‌కు ఉండదు, అతని మాట క్యాష్ కౌంటరు దగ్గర చెల్లకపోతే వచ్చే కోపం మొదటి కోపానికి రెట్టింపు. ఆ మధ్య నగరి కుర్రవాడొకడు మాత్రం అరుపు పూర్తయ్యేదాకా ఆగి, కుర్చీ జరిపి, బిల్లు అడిగి, జాకెట్టు ముక్క కత్తిరించారేమో చూసి, చీరను తిరగేసి కొంగు దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ‘ఇది కట్టుకున్నప్పుడు తగులుకుని లేచినది కాదు, నేతలోనే తెగింది, ఇన్‌ఛార్జిని పిలుస్తాను’ అన్నాడు. మరమగ్గాల ఊరివాడు కాబట్టి నేత తెలుసు, నిజమే. కాని మాకు నచ్చింది ఆ క్రమం. అతని తమిళం అంతంతమాత్రమేనని కూడా చెప్పాలి, ఎందుకంటే భాష రాదన్న బెంగతోనే సగం చిక్కిపోయి వచ్చేవాళ్లను చూస్తుంటాను. పెళ్లి బట్టల కోసం ఆంధ్ర నుంచి వచ్చే కుటుంబాలు ఇక్కడ ఎన్నో, వారి దగ్గర తెలుగే పనికొస్తుంది.

నేతలో లోపం ఒకటి, ఇంటికెళ్లాక రంగు నచ్చకపోవడం మరొకటి. రెండోదానికి షాపు పద్ధతి ఎలా ఉంటే అలా. లోపమున్న సరుకును మాత్రం, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. తమిళుల ఆడి నెలలో జరిగే తగ్గింపు అమ్మకాల్లో ‘ఎక్స్‌ఛేంజ్ లేదు’ అన్న బోర్డు వైపు వేలు చూపించి ఊరుకునే అభ్యర్థి, ఈ తేడా తెలియక షాపునూ ఇరికిస్తాడు, తానూ తిట్లు తింటాడు.

ఇంటర్వ్యూ మాత్రం పొద్దున పదకొండింటికి, చల్లని గదిలో జరుగుతుంది. అసలు కోపాలు వచ్చేది దీపావళి ముందు రాత్రి ఎనిమిదింటికి, మోకాళ్లు లాగేస్తున్నప్పుడు. సిబ్బందికి కూర్చునే వసతి ఉండాలని తమిళనాడు 2021లో దుకాణాల చట్టాన్ని సవరించింది. ఆ రద్దీలో కుర్చీ ఉన్నా కూర్చునే తీరికేదీ? అందుకని నేను ఇంకో ప్రశ్న వేస్తాను: తిట్టిన ఆవిడ వెళ్లిపోయాక, వెంటనే వచ్చిన మరొకరికి చీర ఎలా చూపిస్తారు? పుత్తూరు నుంచి వచ్చిన ఒకామె, ‘పక్కనున్న అక్కను ఒక్క నిమిషం చూసుకోమని, పరిచిన చీరలు మడత పెట్టుకుంటాను సార్’ అంది. మారు మాట లేకుండా తీసుకున్నాం.

బూతులు తిట్టినా, చెయ్యెత్తినా పడి ఉండమని ఏ ప్రశ్నకూ అర్థం కాదు. అటువంటప్పుడు పక్కకు తప్పుకుని ఇన్‌ఛార్జిని పిలవవచ్చా అని ఇంటర్వ్యూలో మీరే అడగండి. మేనేజరు నసిగితే, జీతం ఎంత చెప్పినా ఆ షోరూములో చేరే ముందు మరో రెండు షాపులు తిరిగి చూడండి.