సరంగు గారి ప్రశ్న

పడవ బ్యాటరీ మీద లాప్‌టాప్ నడుపుతానని చెబితే, పడవ నడిపే సరంగు గారు ఫోనులో అడిగిన మాట పడుకోబోతున్నా వదలడం లేదు: "అదంతా బాగానే ఉందమ్మా, మరి సాయంత్రం ఇంజను స్టార్టవుద్దా?" వచ్చే వారం కోరంగి మొగలో నీటి ఉప్పదనం కొలిచేటప్పుడు, సెన్సరు పంపే లెక్కలను నమోదు చేయడానికి లాప్‌టాప్ ఆరు గంటలు ఆగకుండా పనిచేయాలి. పడవలో ఉన్నది ఒకే ఒక్క 12 వోల్టుల బ్యాటరీ, ఇంజనును లేపేదీ అదే.

పొద్దున దుకాణంలో గంటసేపు నిలబడ్డాను. నా ఛార్జరు 65 వాట్లదని మూడుసార్లు చెప్పినా దుకాణదారు 1000 వాట్ల ఇన్వర్టరునే (బ్యాటరీ కరెంటును 230 వోల్టుల ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ముందుకు తోశారు. ఎక్కువ వాట్లుంటే మంచిదేనన్నారు. మంచిది కాదు. పెద్ద ఇన్వర్టరు ఖాళీగా ఆన్‌లో ఉన్నా తన కోసం కొంత కరెంటు తింటూనే ఉంటుంది. పైగా పెట్టె మీద పెద్దగా వేసే అంకె చాలాసార్లు క్షణకాలం మోయగలిగిన బరువే తప్ప, గంటల తరబడి మోయగలిగినది కాదు. ఇచ్చేది ఇంటి కరెంటులా నున్నటి అలగా ఉండే ప్యూర్ సైన్ వేవా, మెట్లుమెట్లుగా ఉండే మాడిఫైడా అని అడిగితే "అన్నీ ఒకటే మేడమ్" అన్నారు. మాడిఫైడ్ రకం మీద కొన్ని ఛార్జర్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. తెలియకపోవడం తప్పు కాదు, తెలియనిదాన్ని అంత ధీమాగా చెప్పడమే నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

చివరికి 150 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ తీసుకుందామనుకుని ఇంటికి వచ్చి లెక్క కట్టాను. ఛార్జరులోను, ఇన్వర్టరులోను పోయే నష్టాలు కలిపితే, లాప్‌టాప్ నిండుగా లాగినప్పుడు బ్యాటరీ నుంచి సుమారు 7 ఆంపియర్లు పోతాయి. ఆరు గంటలకు 42 ఆంపియర్-అవర్లు. ఇంజను బ్యాటరీని అంత లోతుగా తోడకూడదు. సరంగు గారి భయం నిజమే.

ఈ లెక్క దగ్గరే నాన్న గుర్తొచ్చారు. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఊడ్చేశాక ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంటే, నాన్న ట్రాక్టరు బ్యాటరీ విప్పి అరుగు మీద పెట్టి, ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు తగిలించి, చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ వెలిగించారు. వాకిలి నిండా జనం కూర్చుని, ఏ ఊరు ఏమైందోనని నోరెత్తకుండా వార్తలు విన్నారు. మర్నాడు దారికి అడ్డంగా పడిన కొబ్బరిచెట్లు లాగాలంటే ట్రాక్టరు కదల్లేదు. నలుగురు తోసినా కదల్లేదు. నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా సాయంత్రం దాకా గొడ్డలితోనే నరికారు.

ఆ టీవీకి ఇన్వర్టరు లేదన్న సంగతి ఇంతసేపూ నాకు తట్టలేదు. వెనక 12 వోల్టుల సాకెట్టు ఉండేది, అంతే. నా లాప్‌టాప్ కూడా టైప్-సి నుంచి ఛార్జి తీసుకుంటుంది. కార్లలో వాడే 65 వాట్ల పీడీ (టైప్-సి ద్వారా ఎక్కువ వోల్టేజి ఇచ్చే రకం) ఛార్జరు 12 వోల్టులను తిన్నగా 20 చేసి ఇస్తుంది. 12ను 230 చేసి, మళ్లీ దాన్ని 20కి దించే వ్యర్థ ప్రయాణం దేనికి? ఇన్వర్టరు కొననక్కర్లేదు. కొనవలసింది వేరే బ్యాటరీ, 100 ఆంపియర్-అవర్లది; దానికి దగ్గరలో ఫ్యూజు, కాస్త లావు తీగ కూడా, ఎందుకంటే సన్నని తీగలో వోల్టేజి దారిలోనే పడిపోతుంది.

తెల్లవారగానే సరంగు గారికి ఫోను చేసి, ఇంజను బ్యాటరీని ముట్టుకోనని చెప్పి, పడవ ఊగినా ఒరగకుండా కొత్తదాన్ని ఎక్కడ కట్టాలో అడగాలి.