డాఫ్ట్ పంక్ పాటలో ఆ ఊపు ఎక్కడిది

డాఫ్ట్ పంక్ తరహా ట్రాక్ కట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు సింథసైజర్ శబ్దాల వెంట పడతారు. వాటిని ఆఖర్న చూసుకోవచ్చు. ముందు తేల్చాల్సింది టెంపో, అంటే పాట వేగం. ఈ పారిస్ జంట పాటల్లో మిగతా లెక్కలు చాలావరకు ఆ ఒక్క అంకె మీదే నిలబడ్డాయి.

1997 నాటి 'హోమ్‌వర్క్'లో 'డా ఫంక్' సుమారు 111 బీపీఎం, అంటే నిమిషానికి 111 బీట్లు. హౌస్ అనే క్లబ్ డాన్స్ సంగీతానికి అది నెమ్మదే, నడకలో హిప్‌హాప్ బరువుంటుంది. అదే ఆల్బమ్‌లోని 'అరౌండ్ ద వరల్డ్' 121. 2000లో వచ్చిన 'వన్ మోర్ టైమ్' 123. 2013లో 'గెట్ లక్కీ' 116కి దిగింది. నైల్ రోజర్స్ గిటార్ గీతలు ఒక్కొక్కటీ విడిగా వినిపించడానికి ఆ నిదానం బాగా కలిసొచ్చింది.

123నే తీసుకుందాం. 60,000ని 123తో భాగిస్తే ఒక బీట్ 488 మిల్లీసెకన్లు, సగం బీట్ 244. 'వన్ మోర్ టైమ్'లో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) పడగానే మిగతా సంగీతం అణిగి, మళ్లీ ఉబికి వస్తుంది. ఆ ఊపిరి సైడ్‌చెయిన్ కంప్రెషన్‌ది: ఒక శబ్దం మోగినప్పుడల్లా కంప్రెసర్ ఇంకో శబ్దాన్ని అణుస్తుంది. కిక్‌ను ఇంకో ట్రాక్‌లోకి కాపీ చేసి, దాని శబ్దం బయటికి రాకుండా ఆపి, మిగతా సంగీతం మీద పెట్టిన కంప్రెసర్ సైడ్‌చెయిన్‌కు మాత్రమే పంపండి. అసలు కిక్ కాసేపు ఆగిన చోట కూడా ఊపు ఆగదు. రేషియో (ఎంత గట్టిగా అణచాలో) 4:1, అటాక్ (ఎంత త్వరగా అణచాలో) 1 మిల్లీసెకన్, అణుగుదల 6 నుంచి 8 డెసిబెల్స్ వచ్చేదాకా థ్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే హద్దు) దించండి. రిలీజ్ (శబ్దం తిరిగి లేవడానికి పట్టే సమయం) 200 నుంచి 240 మిల్లీసెకన్ల మధ్య ఉంటే, హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని తాళాలు) పడే సగం బీట్ దగ్గరికి శబ్దం తిరిగి నిండుతుంది.

ఎక్కువమంది తప్పేది రిలీజ్ దగ్గరే. 450 పెడితే శబ్దం కోలుకునేలోపే తర్వాతి కిక్ పడుతుంది. ఊపు పోయి, ఉత్త వాల్యూమ్ తగ్గించినట్టు ఉంటుంది. మరీ 15కి తగ్గిస్తే బేస్ గరగరలాడుతుంది: కిక్‌లోని 50 హెర్ట్జ్ అలకు ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు కాబట్టి, కంప్రెసర్ మొత్తం కిక్‌ను కాక ఆ అలలో ఒక్కో చుట్టునూ వెంబడిస్తుంది.

పాత డిస్కో శాంపిల్‌ను (పాత పాట నుంచి కత్తిరించి తీసుకున్న ముక్కను) టేపులా వేగం పెంచి వాడితే శ్రుతి కూడా పెరుగుతుంది. 115లో ఉన్నదాన్ని 123కి తెస్తే 116 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు), అంటే అర్ధస్వరం దాటి మరో 16 సెంట్లు. దాని మీద మామూలు శ్రుతిలో బేస్ వాయిస్తే ఎక్కడో అపస్వరం తగులుతూనే ఉంటుంది, కారణం తెలీదు. బేస్ సింథ్‌ను కూడా 16 సెంట్లు పెంచితే సరి. శాంపిల్ 116లో దొరికితే మాత్రం అదృష్టమే: ఒక అర్ధస్వరం పెంచితే 122.9 వస్తుంది.

శ్రుతి విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'గెట్ లక్కీ'. బీ మైనర్, డీ, ఎఫ్ షార్ప్ మైనర్, ఈ: ఈ నాలుగు కార్డులే (కలిసి మోగే స్వరాల గుంపులే) మొదటి నుంచి చివరిదాకా తిరుగుతాయి. బీని షడ్జమం అనుకుని వింటే స్వరాలు ఖరహరప్రియ రాగానివి. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం చేసుకుంటే అవే స్వరాలు నఠభైరవి. మనవాళ్లు గ్రహభేదం అనేది ఇదే. పాట ఈ రెంటిలో దేన్నీ ఖాయం చేయదు, అందుకే ఆ చక్రం ఎన్నిసార్లు తిరిగినా ముగిసినట్టు అనిపించదు. మూడో కార్డును ఎఫ్ షార్ప్ మేజర్‌గా మార్చి, చివరి ఈని తీసేసి, నేరుగా బీ మైనర్‌కు వెళ్లి చూడండి. కైశికి నిషాదం స్థానంలో, అర్ధస్వరం పైనుండే కాకలి నిషాదం వచ్చి గౌరీమనోహరి రాగపు ఛాయ పడుతుంది. పాట బీ మీద వాలిపోయి అక్కడే కూర్చుంటుంది.