ఇంకా ఇదే వాడుతున్నారా?

మా వాషింగ్ మెషీన్ పడకేసిందని మొన్న రాశాను కదా, దాని మెకానిక్ ఇవాళ వచ్చి వెళ్లాడు. లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందట, మొత్తం మార్చాలట. ఇప్పటిదాకా నిద్ర పట్టనివ్వనిది అది కాదు. వెళ్తూ వెళ్తూ మంచినీళ్లు అడిగాడు. ఫ్రిజ్ తలుపు తీశానో లేదో, "ఇంకా ఇదే వాడుతున్నారా మేడమ్?" అని ఒక నవ్వు.

నా పెళ్లికంటే పెద్దది ఆ ఫ్రిజ్. అత్తయ్య నుంచి నాకు వచ్చింది. రంగు పోయింది, హ్యాండిల్ మార్చాం, తలుపు రబ్బరు మార్చాం. కంప్రెసర్ మాత్రం దాంతో పుట్టిందే. ఆగేటప్పుడు ఒళ్లంతా ఒకసారి జలదరిస్తుంది, పైన పెట్టినవన్నీ గలగలమంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. మాకు ఆ చప్పుడు వినబడటం మానేసి చాలా కాలమైంది. వారంటీ అయిపోయిన ఏడాదికే పడకేసిన మెషీన్‌ని బాగుచేయలేక వెళ్తున్న మనిషి, దీన్ని చూసి నవ్వుతాడా!

బోర్డులో పోయిన ముక్క ఒక్కటే మార్చొచ్చు కదా అని అడిగాను. విప్పి చూపించాడు. బోర్డంతా జిగురులాంటిది పోసి గట్టిపరిచేశారు. తేమ తగలకుండా అట. నీళ్లతో పనిచేసే యంత్రానికి ఆ జాగ్రత్త ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ జిగురు తేమతోపాటు స్క్రూడ్రైవర్‌నీ లోపలికి రానివ్వదు. లోపల కరెంటుని కలిపి ఆపే రిలే పోయిందో, ఇంకేం పోయిందో అతనికి తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. పాతది పీకి కొత్తది బిగించడం వరకే అతని పని. ఆ కొత్తదానికి ఆర్డర్ పెట్టాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేడు, వచ్చాక మళ్లీ మనమే ఫోన్ చేయాలి. ఆ ఫోన్లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ కాల్ మాకు ముఖ్యం. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చుగా? ఈలోపు దుప్పట్ల సంగతి ఎవరు చూస్తారు? చిన్నాడు "యాప్‌లో లాండ్రీ పెట్టేయ్" అన్నాడు. వాడితో మాట్లాడి లాభం లేదు.

నాన్న గుర్తొచ్చారు. మా పాతింట్లో హాలు ఫ్యాను ఒక వేసవిలో మొరాయించింది. స్విచ్ వేస్తే హుమ్మని మూలగడమే తప్ప తిరగదు. కర్రతో రెక్కని కాస్త తోస్తే బద్ధకంగా మొదలయ్యేది. కొన్నాళ్లు అలాగే నడిపాం. ఆ కర్రకి గుమ్మం పక్కన శాశ్వత స్థానం దొరికింది. ఇంటికొచ్చిన ఒక చుట్టం "మోటారు కాలిపోయిందండీ, పారేయండి" అనేసరికి నాన్నకి పౌరుషం వచ్చింది. మెయిన్ ఆపేశారు. బల్ల మీద స్టూలు, స్టూలు మీద నాన్న, స్టూలు పట్టుకుని అమ్మ, టార్చి పట్టుకుని నేను. కడ్డీ చుట్టూ ఉండే కప్పు కిందికి జార్చి కండెన్సర్ తీశారు. అందులో కరెంటు మిగిలి ఉంటుందని, దాని రెండు తీగల్నీ స్క్రూడ్రైవర్‌తో కలిపారు. నేను ఊపిరి బిగబట్టి మెరుపు కోసం చూశాను. ఏమీ రాలేదు. ఇంత నిరాశ పరీక్ష ఫలితాలప్పుడు కూడా పడలేదు.

కొత్త కండెన్సర్ దానికంటే చిన్నది, మీద దాని కొలత 2.5 మైక్రోఫారడ్ అని అచ్చు. ఈ మోటారుకి తనంతట తానుగా ఎటు తిరగాలో తెలీదని, లోపలి రెండో తీగచుట్టలో కరెంటుని కాస్త ముందుకు జరిపి కండెన్సరే దాన్ని కదిలిస్తుందని, మనం కర్రతో చేస్తున్నదీ అదేనని స్టూలు మీదనుంచే పాఠం చెప్పారు. అమ్మ "ముందు దిగండి" అంటోంది. ఫ్యాను తిరిగింది. నాన్న దాని కిందే కూర్చుని చాలాసేపు లేవలేదు, పేపరు ఎగిరిపోతున్నా. ఆ ఫ్యానే ఇప్పుడు మా వెనక గదిలో తిరుగుతోంది.

పాత వస్తువులే గట్టివి అని ఇక్కడ రాయబోయి ఆగాను. ఫ్రిజ్‌తోపాటు అత్తయ్య దగ్గర్నుంచి వచ్చిన మిక్సీ ఏమైంది? గీజరు? టేప్ రికార్డరు ఎన్ని క్యాసెట్లు మింగిందో! అప్పటి టీవీ బాగుచేసే ఆయన మా ఇంటి మనిషిలా తిరిగేవాడు. పోయినవన్నీ పాత ఇనుములోకి వెళ్లిపోయాయి, మిగిలిన రెండింటినీ చూపించి మనం గొప్పలు పోతున్నాం.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మళ్లీ 1924 కథ ఎత్తుకున్నారు. పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు కూడబలుక్కుని బల్బు ఆయుష్షుని 1000 గంటలకి కుదించిన కథ. అది నిజమే. చిన్నాడు వెంటనే, కాలిఫోర్నియాలో ఒక ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఉంది, దాని కింద కూర్చుని పేపరు చదవగలవా నాన్నా అన్నాడు. ఫిలమెంటు ఎంత వేడెక్కితే అంత వెలుతురు, అంత తొందరగా పోతుందట. ఆ బల్బు రాత్రి దీపమంతే వెలుగుతుంది, ఆర్పడం కూడా అరుదు. పైగా వెనక గది ఫ్యాను 75 వాట్లు తింటుంది, లోపల అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ బోర్డుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లకి 30 చాలు అని నాకూ అంటించాడు. నిజమేనేమో. దాని పాత రెగ్యులేటరు పెట్టె స్పీడు తగ్గించినప్పుడు వెచ్చబడుతుంది, మిగిలిందనుకున్న కరెంటులో కొంత అక్కడే వేడిగా పోతోంది.

ఫ్రిజ్ దగ్గర మాత్రం వాడి మాట ఒప్పుకోను. వెనక రేకు మీద, లోపల చల్లబరిచే గ్యాసు పేరు, ఆర్-12 అని ఉంది. ఓజోన్‌కి చేటని 1987 మాంట్రియల్ ఒప్పందంతో తప్పించడం మొదలుపెట్టిన గ్యాసుల్లో అదొకటి. అందుకే తీసేయాలంటాడు. లోపల సీలు వేసి ఉన్నంతకాలం అది ఎవరికీ హాని చేయదు. పాత ఇనుము వాళ్లు గొట్టం పుటుక్కున విరిచిన రోజున గాల్లో కలుస్తుంది. గ్యాసుని జాగ్రత్తగా లాగి పట్టేవాళ్లెవరో కనుక్కున్నాకే దీన్ని గడప దాటించేది.

కరెంటు సంగతి తేలలేదు. దీనిలో మంచు కరిగించే హీటరు లేదు, చల్లదనం మార్చే నాబ్ మధ్యలో ఉన్న బటన్ నొక్కితే దానంతట అదే కరుగుతుంది, కాబట్టి మరీ ఎక్కువ తినదని నా వాదన. గోడల్లో ఇన్సులేషన్ పాతబడి ఉంటుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోందని చిన్నాడి వాదన. ప్లగ్గుకి తగిలించి యూనిట్లు కొలిచే చిన్న మీటరు ఉంటుందట. తెమ్మన్నాను. "రెండు రోజులు తలుపు ఊరికే తీయకూడదు మరి" అని షరతు పెట్టాడు. ఈ ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఊరికే తీసేది ఎవరో మీకందరికీ తెలుసు.