జార్జియా చర్చి హాళ్లలో అడ్వాన్స్ డైరెక్టివ్ ఫారం నింపించడం: నా అనుభవం

"వెంటిలేటర్ వద్దనుకుంటున్నారా?" అని మొదలుపెడితే సభ అక్కడితో సరి. అమెరికా రాష్ట్రం జార్జియాలోని నల్లజాతి చర్చిల్లో అడ్వాన్స్ డైరెక్టివ్ (మనకు మాట రాని రోజున ఎలాంటి వైద్యం కావాలో, ఎవరు నిర్ణయించాలో ముందే రాసిపెట్టే కాగితం) గురించి చెప్పబోతే నాకు ముందుగా తెలిసొచ్చింది ఇదే. పక్క రాష్ట్రం అలబామాలో, టస్కిగీ దగ్గర, 1932 నుంచి 1972 దాకా సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ల మీద ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ అధ్యయనం నడిపారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అది గుర్తున్నవాళ్లకు ఈ కాగితం వైద్యం ఎగ్గొట్టే ఎత్తులా కనిపిస్తుంది. దాన్ని అపోహ అని కొట్టిపారేసేవాళ్లు ఈ పనికి రాకపోవడమే మేలు.

అందుకే నేను ఏజెంటుతో, అంటే మీ తరఫున వైద్య నిర్ణయాలు చెప్పే మనిషితో, మొదలుపెడతాను. మీకు మాట రాని రోజున డాక్టరు ఎవరికి ఫోన్ చేయాలి? ఫారం మొదటి భాగం ఇదే, సగం సమయం దీనికే ఇస్తాను. పెద్ద కొడుకే కానక్కర్లేదు. ఫోన్ ఎత్తేవాళ్లు, డాక్టరు ముందు నోరు విప్పగలిగేవాళ్లు, తమ ఇష్టం పక్కన పెట్టి మీ ఇష్టం చెప్పేవాళ్లు కావాలి. మీకు వైద్యం చేస్తున్న డాక్టరు మాత్రం పనికిరారు. మొదటి మనిషి దొరక్కపోతే ఎవరన్నది కూడా రాయాలి. "అంతా దేవుడి చేతిలో ఉంది" అనేవాళ్లతో వాదించను. ఈ ఒక్క పేరైనా రాయమంటాను. పాస్టరు ముందే తన ఫారం నింపి ఉంటే పని సులువు.

రెండో భాగం చికిత్స గురించి. "వీలైనంత కాలం బతికించండి" అని కూడా ఇందులో రాయొచ్చని రెండుసార్లు చెప్పాలి. చాలామంది దీన్ని డీఎన్ఆర్ (గుండె ఆగితే తిరిగి ఆడించే ప్రయత్నం చేయొద్దనే ఆదేశం) అనుకుంటారు. తేల్చుకోలేకపోతే ఖాళీగా వదిలేయవచ్చు. మూడోది కోర్టు మీకు గార్డియన్‌ను (సంరక్షకుణ్ని) పెట్టాల్సి వస్తే ఎవరన్న సంగతి, ఐచ్ఛికం. నాలుగోది సంతకాలు, తప్పనిసరి.

తప్పులు దొర్లేది అక్కడే. నోటరీ అక్కర్లేదు గానీ 18 ఏళ్లు నిండిన ఇద్దరు సాక్షులు కావాలి. పక్కన కూర్చున్న కూతురితో పెట్టించేస్తారు. ఏజెంటు, ఆస్తి వస్తుందని తెలిసినవాళ్లు, వైద్యంలో నేరుగా ఉన్నవాళ్లు సాక్షులుగా చెల్లరు. పక్క బెంచీలో వాళ్లు చాలు.

నింపిన కాగితాన్ని బ్యాంకు లాకర్లో పెట్టడం ఇంకో తప్పు. రాత్రి రెండింటికి లాకరు ఎవరు తెరుస్తారు? నకళ్లు ఏజెంటుకి, డాక్టరుకి, ఆస్పత్రి రికార్డుకి వెళ్లాలి. ఫోటో ఫోన్లో ఉండాలి. డాక్టరుతో మాట్లాడే సమయానికి 2016 నుంచి మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు కడుతోంది. ఏడాదికోసారి చేసే వెల్‌నెస్ విజిట్‌లోనే అడిగితే చేతినుంచి ఖర్చుండదు.

జబ్బు ముదిరినవాళ్లకు ఇది ఒక్కటే చాలదు. అంబులెన్స్ వాళ్లు చూసేది డాక్టరు సంతకమున్న పోల్స్ట్ ఫారం, అంటే ఏ చికిత్స చేయాలో, ఏది వద్దో చెప్పే వైద్య ఆదేశం. అది చర్చి హాల్లో అయ్యే పని కాదు, క్లినిక్‌లోనే అడగాలి.